ఛీ సార్ గీసిన రెండు చెట్లు

"సార్ పోయిండంట" అన్నాడు శ్రీకాంత్, నారాయణగూడ చౌరస్తాలో టీ తాగుతూ.

"ఏ సార్?" అన్నాను. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. అశోక్‌నగర్ గల్లీలో నిలబడి "సార్" అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. వాళ్ళలో ఇద్దరు అక్కడికక్కడే క్లాసు మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు.

"గదేరా. ఛీ సార్."

శ్రీకాంత్, నేను ఎంసీఏలో ఒకే బెంచీ. నేను తల దించుకున్నాను. దుఃఖం వల్ల అని రాసుకోవచ్చు గానీ, నా గ్లాసు అంచుకు ఎవరిదో పెదవి మరక ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. ఆ చూపు సార్ పెట్టిన భిక్ష. ఆయన దగ్గర చదివాక మేము ఎక్కడా ప్రశాంతంగా టీ తాగలేదు.

సార్ ముఖంలో ఎక్కువ పని చేసే భాగం ముక్కు. కళ్ళు, నోరు దానికి సహాయకులు. నచ్చనిది కనబడగానే ముక్కు కుడివైపు కొద్దిగా జరిగేది, దాని వెంట పై పెదవి లేచేది, ఆ తర్వాతే "ఛీ" వచ్చేది. ఆ ఛీలో రకాలున్నాయి. అక్షర దోషానికి పొట్టిది. కాపీ కొట్టినవాడికి పొడుగుది. ప్రిన్సిపాల్ మాట్లాడేటప్పుడు శబ్దం లేనిది, ఉత్త ముక్కు.

నల్లకుంట నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఎక్కేముందు సీటు తుడిచేవారు, దిగాక కూడా తుడిచేవారు. "దిగినంక ఎందుకు సార్?" అని శ్రీకాంత్ ఒకసారి అడిగాడు. "నేను గుడ మనిషినే కదరా" అన్నారు. తన మీద కూడా ఆయనకు పెద్ద నమ్మకం లేదని అప్పుడు అనుకున్నాం. వినయం అనుకున్నాం.

అది 2011. మాకు డేటా మైనింగ్ చెప్పేవారు. మైనింగ్ అంటే ఏదో తవ్వుతారని, తవ్వితే బెంగళూరులో ఉద్యోగం బయటపడుతుందని నమ్మి సగం క్లాసు ఆ పేపరు తీసుకుంది. మొదటిరోజు సార్ పుస్తకం తేలేదు. పల్లీల పొట్లం తెచ్చారు. టేబుల్ మీద పాత పేపరు పరిచి కుమ్మరించారు.

"ఇదేంది?"

"పల్లీలు సార్."

"ఇది డేటా. శ్రీకాంత్, దా, గిది తిను."

ఏరి మరీ ఒక గింజ ఇచ్చారు. శ్రీకాంత్ నమిలాడు. ముఖం మారింది.

"మక్కిపోయింది సార్. ఉమ్మేసొస్త."

"ఉమ్మకు. నాలుగు మంచియి ఏస్కో నోట్ల. పోయిందా చేదు?"

"పోలే సార్."

"ఇంకో నాలుగు ఏస్కో."

"పోలే సార్."

"పోదు. ఒక్కటి చాలు, పొట్లమంత ఖరాబ్. రాస్కోండి."

రాసుకున్నాం. తవ్వడం కన్నా ముందు ఏరడం, చెరగడం, కడగడం ఉంటుందని, అసలు పని అదేనని. మిగతా గంటంతా రాళ్ళు, పొట్టు, పుచ్చులు వేరుచేశాం. ఎంసీఏ చదివిస్తున్న మా నాన్న అప్పుడు అటువైపు వచ్చి ఉంటే అక్కడే కూర్చుని ఏడ్చేవాడు.

తర్వాతి వారం ఏ వస్తువు దేనితో కలిసి అమ్ముడుపోతుందో కనిపెట్టే పాఠం. పుస్తకంలో ఉదాహరణలన్నీ బ్రెడ్డూ వెన్నా. సార్ ఆ పేజీని గోటితో పక్కకు తిప్పారు. "ఎవనింట్ల తింటరు ఇది, జ్వరమొస్తె తప్ప" అని, అందరినీ నోటుబుక్కులతో చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కు పంపారు. ఎవరు ఏమేం కొంటున్నారో పక్కన నిలబడి రాసుకు రావాలి. మార్కెట్ వాళ్ళు మమ్మల్ని మున్సిపాలిటీ మనుషులనుకున్నారు. ఒకామె తూకం రాళ్ళు కొంగు కింద దాచింది.

రెండు సాయంత్రాలు బురదలో నిలబడి నేనొక సూత్రం కనిపెట్టాను. టమాటా కొన్న ప్రతివాళ్ళూ కరివేపాకు కొన్నారు. బెండకాయ కొన్నవాళ్ళూ అంతే. అందరూ కరివేపాకే. మా ఇల్లు ఆ మార్కెట్ వెనక గల్లీలోనే, పుట్టినప్పటి నుంచీ అక్కడే కూరలు తెస్తున్నాను, అయినా తట్టలేదు. మర్నాడు గర్వంగా చదివి వినిపించాను.

"కరివేపాకు కొన్నరా?" అన్నారు సార్.

"సంచిల పడ్డది సార్. నా కండ్లతోని చూసిన."

"పడ్డదా, కొన్నరా?"

అప్పుడు వెలిగింది. "కొసరు సార్. ఊరికెనే ఏస్తరు."

"ఛీ" అన్నారు. పొడుగుది. "గడిల టిక్కు పెట్టే ముందు ఆ గడి ఏమడుగుతుందో చూడు. సంచిల పడ్డదంత కొన్నది గాదు."

మూడేళ్ళ చదువులో నాకు ఇప్పటికీ గుర్తున్న వాక్యం అదొక్కటే. దాన్ని మించింది ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పిన నోరే తర్వాత ఇంకో మాట చెప్పింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చేయాలి. అందరూ చేసేది ఒకటే, అమీర్‌పేట పోయి తయారుగా ఉన్నది కొనుక్కురావడం. మా సీనియర్ ఒకడు ఆసుపత్రి నిర్వహణ మీద కొన్నాడు, లోపలి పేజీల్లో అంతకుముందు కొన్నవాడి పేరు తీయడం మర్చిపోయాడు. సార్ ఆ రిపోర్టును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు పట్టుకుని క్లాసులన్నీ తిప్పారు. దాంతో ఆయన కింద ప్రాజెక్టు అంటే నిజంగా చేయాల్సిందే.

సార్ సాయంత్రాలు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెప్పేవారు. అక్కడి డైరెక్టర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఉన్న స్టూడెంట్లలో ముప్పైమందిని తీసి, వచ్చే పరీక్ష దాకా కోచింగ్, హాస్టల్ రెండూ ఉచితంగా ఇస్తాడు. ఆ ముప్పైమంది ఎవరన్నదే తంటా. "మనం తీస్తే కొట్లాటకొస్తరు సార్. కంప్యూటర్ తీసిందంటే ఎవడు మాట్లాడడు" అన్నాడట. సార్ నన్ను తీసుకెళ్ళి రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టారు.

పని చెప్పుకోవడానికి సులువు. పాత బ్యాచ్‌ల వాళ్ళ హాజరు, టెస్టు మార్కులు, చదువు అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాలి. చివరి గడిలో వాళ్ళకు ఉద్యోగం వచ్చిందా లేదా అని రాయాలి. అప్పుడు మిషను ఆ లెక్కలన్నీ చూసి ఒక చెట్టు గీస్తుంది. డెసిషన్ ట్రీ అంటారు. ప్రతి కొమ్మ దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది. ఇప్పటి స్టూడెంట్ పేరును పైనుంచి వదిలితే, ప్రశ్నకో కొమ్మ దిగుతూ చివరకు "వస్తుంది" దగ్గరో, "రాదు" దగ్గరో పడుతుంది.

ఆ రిజిస్టర్లు చదవడానికి నాకు సరితక్క దొరికింది. పాలమూరు వైపు ఊరు, పక్క గల్లీలో లేడీస్ హాస్టల్. రోజూ మొదటి బెంచీలో, తుప్పు రాలే ఫ్యాను కింద కూర్చునేది. ఆ సీటు కోసం ఎవరూ పోటీ పడరని. సెంటర్ క్లర్కు రాసే పేర్లు ఆమె తప్ప ఎవరూ చదవలేరు. ఆ ముప్పై సీట్లలో ఒకటి వస్తే పట్నంలో ఉంటుంది, రాకపోతే నెలాఖరుకు సామాను సర్దుకుంటుంది. ఇంట్లో అలా మాటయింది. ఈ సంగతి ఆమె నాకు మొదటి పది నిమిషాల్లోనే చెప్పేసింది, దాచి లాభమేముందన్నట్టు.

"తమ్మీ, నా పేరు మంచిగ ఎక్కించు. స్పెల్లింగు తప్పు వోతె నా సీటు ఇంకో సరితకు వోతది."

"ఇంకో సరిత కూడ పరేషాన్‌లనే ఉంటది కదక్క."

"ఉండనీ. ఆమెకు ఇంకో కంప్యూటర్ తమ్ముడు దొరుకుతడు."

అంతా ఎక్కించాక చివరి గడి మిగిలింది. పాతవాళ్ళలో ఎవరికి ఉద్యోగం వచ్చిందో సెంటర్‌లో ఎవరూ రాసిపెట్టలేదు. క్లర్కును అడిగితే గడ్డం ఎత్తి గోడ మీదికి చూపించాడు. అక్కడ ఫ్లెక్సీ. అందులో ర్యాంకర్ల ఫోటోలు, మెడల్లో దండలు. పాత ఫ్లెక్సీలు కూడా మేడ మీద చుట్టి ఉన్నాయి, కింద పావురాల రెట్టలు. విప్పి, ఫోటో ఉన్నవాళ్ళందరికీ "వచ్చింది" అని, లేనివాళ్ళందరికీ "రాలేదు" అని కొట్టాను. బద్ధకానికి అంత రంగురంగుల ఆధారం మళ్ళీ దొరకలేదు.

చెట్టు వచ్చింది. మొదటి ప్రశ్న: క్లాసులకు వచ్చింది పది రోజుల లోపేనా? అవును అయితే ఉద్యోగం. కాదు అయితే లేదు. ఎన్ని రోజులు ఎక్కువ వస్తే అంత గ్యారంటీగా లేదు. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. నా కాలేజీ హాజరును సమర్థించే తొలి శాస్త్రీయ ఫలితం అది.

సార్ చూశారు. ముక్కు జరిగింది. రిజిస్టర్ తెప్పించి ర్యాంకర్ల పేర్ల మీద వేలు పెట్టుకుంటూ పోయారు. ఒక్కొక్కరి పక్కన మూడేసి రోజుల హాజరు.

"ఈ మూడు దినాలు ఏం జేసిన్రు వీళ్ళు?"

"ఒకనాడు మాక్ ఇంటర్వ్యూ, ఒకనాడు సెంటర్ ఇచ్చే బ్యాగు తీసుకున్నరు, ఒకనాడు ఫోటో దిగిన్రు" అంది సరితక్క మొదటి బెంచీ నుంచి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

ఎక్కడో చదివి, పరీక్ష గట్టెక్కి, చివర్లో ఇంటర్వ్యూ కోసం వచ్చినవాళ్ళు. అశోక్‌నగర్‌లో ఒకే ముఖం నాలుగు సెంటర్ల గోడల మీద నవ్వుతుండడం నేనూ చూశాను. కవల పిల్లలేమో అనుకోలేదు గానీ, ఆలోచించనూ లేదు.

ఆరోజు సార్ అన్న ఛీ నేను విన్నవాటన్నిటిలో పొడుగుది. "నువ్వు రాసింది నౌకరి గడి గాదురా. ఫోటో గడి. కడుగు."

కడగడానికి రెండు వారాలు పట్టింది. పాతవాళ్ళు ఎక్కడెక్కడున్నారో సరితక్కకు తెలుసు, తెలియకపోతే తెలిసినవాళ్ళు తెలుసు. మగవాళ్ళ హాస్టళ్ళయితే ఆమె కింద నిలబడేది, నేను జాబితా పట్టుకుని పైకి పోయేవాణ్ణి. ఆ మెట్లు, తడి తువ్వాళ్ళ వాసన, ఒకే గదిలో ఎనిమిది బకెట్లు, సింకులో నిన్నటి సాంబారు. ఇంత రోత మధ్య కూర్చుని వాళ్ళు పరిపాలన గురించి చదువుకుంటున్నారు. వాళ్ళ దగ్గరకు పోయి నేను అడిగేది, అక్కడ ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న. "అన్నా, నౌకరి వచ్చిందా?"

ఒకాయన చెంబు విసిరాడు. తప్పు నాదే, స్నానం మధ్యలో అడిగాను.

అయినా తెలిసింది. ఫోన్లు చేసి, ఆ నోటా ఈ నోటా అడిగి, అంతా రాశాం. రోజూ వచ్చినవాళ్ళలో ఎంతమందికో ఉద్యోగాలు వచ్చాయి. కానిస్టేబుల్, వీఆర్వో, టీచర్, పంచాయతీ కార్యదర్శి. సెంటర్ వాళ్ళకు తెలియదు. తెలిసినా చిన్న ఉద్యోగాలకు ఫ్లెక్సీ వేయరు.

రెండో చెట్టు గీసింది మిషను. మొదటి ప్రశ్న, టెస్టు టెస్టుకూ మార్కులు పెరుగుతున్నాయా? తర్వాత ప్రశ్న, మానకుండా వస్తున్నారా? సరితక్క పేరు పైనుంచి వదిలితే చక్కగా రెండు కొమ్మలు దిగి "వస్తుంది" దగ్గర ఆగింది. సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఛీ అనలేదు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు ఎవరికీ దక్కలేదు. పైగా తానే మొదటి బెంచీ దగ్గరకు నడిచి వెళ్ళి, "అమ్మా, నీ పేరొచ్చింది" అన్నారు.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. చెప్పొద్దని మేమెవరం అనలేదు.

మర్నాడు జాబితా పట్టుకుని డైరెక్టర్ గదికి పోయాం. ఏసీ గది, అగరొత్తులు, వాటి వెనక గుట్కా వాసన. డైరెక్టర్ పేర్లు చదివి నుదురు చిట్లించాడు.

"ఎవరు సార్ వీళ్ళు? మొదటి బెంచోళ్ళు."

"ఇట్లాంటోళ్ళకే వెనుకటి బ్యాచ్‌లల్ల నౌకర్లు వచ్చినయి సార్. తిరిగి అడిగి రాసినం."

"ఏం నౌకర్లు?"

సార్ చెప్పారు.

"కానిస్టేబుల్ ఫోటో ఏస్తె మన మెట్లు ఎవడు ఎక్కుతడు సార్?" అన్నాడు డైరెక్టర్, కోపం లేకుండానే. "మొదాలు ఇంకో చెట్టేదో తీసిన్రంట కద. క్లర్కు చెప్పిండు. అదేం చెప్తది?"

"అది తప్పు సార్. నౌకరి ఎవరికొస్తదో చెప్పదు. ఫ్లెక్సీ మీద ఫోటో ఎవరిది పడతదో చెప్తది, అంతే."

"నాకు గదే గావాలె కద."

నేను సార్ ముక్కు వైపు చూశాను. అంతకాలం నాకు భయం పుట్టించిన ఆ ముక్కు కోసం మొదటిసారి ఆశగా చూశాను. కుడివైపు జరుగుతుందని, పెదవి లేస్తుందని. ఆ గదిలో ఛీ అనడానికి కావలసినవన్నీ ఉన్నాయి, అగరొత్తుల బూడిదతో సహా.

ముక్కు కదల్లేదు.

"అట్ల అడిగితే..." అన్నారు సార్, ఒక లెక్క సరిచూసుకుంటున్నట్టు. "అట్ల అడిగితే, ఆ మొదటి చెట్టే కరెక్టు సార్."

నా వైపు తిరిగి ప్రింటు తీయమన్నారు. తీశాను. ఇక్కడ నేను వీరుణ్ణని రాసుకోవచ్చు, చూసినవాళ్ళు ఇద్దరే, ఒకరు పోయారు కూడా. కానీ నా ప్రాజెక్టు మీద ఆయన సంతకం కావాలి, కాబట్టి ప్రింటు తీశాను. మంచి కాగితం మీదే తీశాను.

బయటికొచ్చాక మెట్ల మీద అడిగాను. "ఛీ అనలేదేంది సార్?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "తప్పేమున్నదిరా? ఆయన ఏమడిగిండో గడిల గదే ఉన్నది. డేటా సాఫ్‌గనే ఉన్నది."

పాఠం నాకు చెప్పినదే. ఒక్క అక్షరం పోలేదు. ఆయన కింద పంపు దగ్గర చేతులు కడుక్కుని, సబ్బు పెట్టనందుకు వాచ్‌మన్‌ను తిట్టారు.

ఆయనకు డబ్బు ఆశ చూపారని, బెదిరించారని ఎవరైనా చెబితే నాకు కొంచెం తేలికగా ఉండేది. అదేం లేదు. వేళ్ళకు అంటుకునే మురికి అయితే ఆయన కనిపెట్టేవారు. అంటుకోనిది ఆయన లెక్కలో మురికి కాదు. మేము రెండేళ్ళు ఆ ముక్కును చూసి, దాని వెనక ఏదో గొప్ప నీతి ఉందనుకున్నాం. ఉన్నది ముక్కే.

ఎంపికైన ముప్పైమందికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది, సెంటర్‌లో కనబడరు కాబట్టి. కొందరు "ఏ సెంటరు?" అని అడిగారు. నా వైవాలో మాత్రం రెండో చెట్టు చూపించాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మెచ్చుకున్నాడు. సార్ అందరికన్నా ఎక్కువ మార్కులు వేసి, పెన్ను తుడుచుకుని సంతకం పెట్టారు. శుభ్రమైన చెట్టు కాలేజీకి, ఇంకోటి సెంటర్‌కు. ఆ మార్కులు నేను తీసుకున్నాను. ఇప్పటి నా ఉద్యోగం కూడా వాటితోనే వచ్చింది.

నెలాఖరు సాయంత్రం సరితక్కను బస్సెక్కించడానికి పోయాను. అశోక్‌నగర్ చౌరస్తాలో ఒక సంచి, ఒక బకెట్, బకెట్ నిండా పుస్తకాలు. ఇంట్లో ఏమన్నారని నేను అడగలేదు. ఏ చెట్టు వల్ల పేరు పోయిందో మాత్రం ఆమెకు ముందే చెప్పాను. అప్పుడే సార్ క్లాసుకు వస్తూ స్కూటర్ ఆపారు. మమ్మల్ని చూసి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"నమస్తే సార్" అంది ఆమె. "ఒకటి అడగాలె."

"అడుగమ్మా."

"నా హాజరు ఒక్క దినం గుడ పోలేదు సార్. మొన్న బంద్ అయితె గుడ నడుసుకుంట వచ్చిన, సెంటర్‌కు తాళం ఉండె. కొంచెంసేపు నిలవడి వోయిన. గా దినం ఎక్కిందా సార్, కంప్యూటర్‌ల?"

సార్ నిజంగానే ఆలోచించారు. "ఎక్కలేదమ్మా. తాళం ఉంటె రిజిస్టర్ ఉండది కద."

"మంచిదే అయింది సార్" అంది సరితక్క, బకెట్ చేతిలోకి తీసుకుంటూ. "గది గుడ ఎక్కితె ఇంక కిందికి వోతుంటి."

బస్సు వచ్చింది. సార్ ఒక్క క్షణం మనసులో లెక్క వేసుకుని, నిజమేనన్నట్టు తల ఊపారు. మొదటి చెట్టు ప్రకారం ఆమె చెప్పింది కరెక్టే.